సూక్ష్మజీవుల దిద్దుబాటు - మన పొలములు

2025వ సంవత్సరము మే నెల 4వ తేదీని కేంద్ర వ్యవసాయమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్‌గారు జన్యుసవరణచే సిద్ధమైన రెండు వరివంగడములను ఢిల్లీనగరమున ప్రకటించిరి. ఆ రెండింటికిని పుట్టినిల్లు తెలుగునేలయే. హైదరాబాదు రాజేంద్రనగరమునందలి వరి పరిశోధనసంస్థవారు దిద్దిన ‘కమల’కు మూలము బాపట్ల సాంబమసూరి. ఢిల్లీ పూసా సంస్థవారు దిద్దిన రెండవదానికి మూలము మారుటేరున పుట్టిన కాటన్‌దొర సన్నాలు. ఈ వార్త విని మేమును సంతసించితిమి. కాని యిప్పుడు మేము వ్రాయబూనినది వరిని గూర్చి గాదు. వరిని దిద్దిన కత్తెర బాక్టీరియాల సొత్తు. మనుష్యుడు దానిని వానినుండి సంగ్రహించినాడు. ఆ కత్తెరతోను, అంతకుముందే తెలిసియున్న మఱికొన్ని యుపాయములతోను ఇప్పుడు బాక్టీరియాలనే దిద్దుచున్నారు. అట్లు దిద్దినవానిని ఎఱువునకు బదులుగా రైతులకు అమ్ముట అమెరికాలో 2019 నుండి జరుగుచున్నది. అట్టి సరకు మన గట్టుమీదికి రాకముందే రైతులును, పట్టణవాసులును, ప్రభుత్వమువారును ఆలోచింపవలసిన సంగతులు కలవు. వచ్చినపిదప ఆలోచించుట మన దేశమున వాడుకయే గాని, ఈ సరకు విషయమున ఆ వాడుక పనికిరాదు. విత్తనము నచ్చనిచో మరుసటియేడు దానిని మానుకొందుము. నేలలో గలిపిన సూక్ష్మజీవిని ఏరి తీయగలవాడు ఎవడును లేడు.

ఈ కత్తెర దొరకిన కథలో పెరుగుకుండకు పాలు గలదు. పాలు తోడుపెట్టుట మన యిండ్లలో ప్రతిరాత్రియు జరుగుపని. ఒక్కొక్కనాడు పాలు తోడుకొనవు. వెచ్చదనము చాలలేదనియో, తోడు చెడినదనియో ఇంటివారు సరిపెట్టుకొందురు. వేలకొలది లీటర్ల పాలను ఒక్కసారి తోడుపెట్టు కర్మాగారములలో ఇట్లు జరిగినచో నష్టము పెద్దది. అచ్చట దీనికి తరచుగా కారణము ఫేజ్ అను వైరసు; అది బాక్టీరియాలలో జొచ్చి వానిని చంపును. డెన్మార్కు దేశపు డానిస్కో కంపెనీలో పనిచేయుచుండిన బరాంగూ, హోర్వాత్ మొదలగువారు 2007లో స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్ అను తోడుబాక్టీరియాను పరీక్షించి యొక చిత్రమును లోకమునకు చూపిరి. ఫేజ్ దాడినుండి బ్రదికి బయటపడిన బాక్టీరియా ఆ ఫేజ్ డి.ఎన్.ఏ.లోని తునక నొకదానిని తన జన్యురాశిలో వరుసతప్పక దాచుకొనును. మరల అదే ఫేజ్ వచ్చినచో ఆ గురుతును బట్టి పోల్చుకొని నఱకివేయును. పోలీసు ఠాణాలో కేడీల పట్టిక యుండునే, అట్టిది. ఈ పట్టికను జపానుదేశమున ఇషినో మొదలగువారు 1987లోనే కోలై బాక్టీరియాలో చూచిరి గాని, దాని ప్రయోజనము వారికి బోధపడలేదు. స్పెయిన్ దేశపు మోహికా ఏండ్ల తరబడి దానిని విడువక వెన్నాడి, ఇది బాక్టీరియాల రక్షణసాధనమై యుండునని 2005లో సూచించెను. 2012లో షార్పెంటియే, డౌడ్నా అను నిరువురు విదుషీమణులు తమ సహచరులతో గూడి, కాస్9 అను మాంసకృత్తు మనము వ్రాసియిచ్చిన ఆర్.ఎన్.ఏ. చీటిని బట్టి కోరినచోట డి.ఎన్.ఏ.ను నఱకునని నిరూపించిరి. 2020లో వారికి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. క్రిస్పర్ అని యిప్పుడు అందఱును చెప్పుకొనునది ఇదియే. తరతరములుగా తోడు నిలుపుకొనుచు వచ్చిన మన యిండ్లలో గాక, సరకు చెడునేమోయను బెంగగల వ్యాపారి కొట్టులో ఈ రహస్యము బయటపడుట మా కొక విధముగ చింతాకరముగనే యున్నది.

బాక్టీరియాలను దిద్దుటలో ఒక విశేషము కలదు. మొక్కలలోను జంతువులలోను కత్తెర పడినచోటును కణము తనంతట అతికించుకొనును. ఆ అతుకులో దొరలు తప్పే పెక్కుసారులు మనకు గావలసిన మార్పగును. బాక్టీరియాలలో ననేకములకు ఆ నేర్పు లేదు, డి.ఎన్.ఏ. తెగినచో అవి చచ్చును. కావున ఇచ్చట కత్తెర దిద్దదు. దిద్దుపని వేఱొకరిది. లాంబ్డా అను ఫేజ్‌నుండియే గ్రహించిన ‘రెడ్’ మాంసకృత్తులు, మనము సిద్ధపఱచి యిచ్చిన డి.ఎన్.ఏ. తునకను పాతదాని స్థానమున జొప్పించును. ఈ ఉపాయము 1998 ప్రాంతమున వెలసి, 2000లో డట్సెంకో, వానర్ అనువారి వ్యాసముతో పరిశోధనశాలలన్నిట వ్యాపించెను. అయితే కోట్లకొలది కణములలో కొన్నియే మార్పును పొందును. వానిని వేఱుచేయుటకు పూర్వము యాంటీబయాటిక్ మందును తట్టుకొను జన్యువు నొకదానిని గురుతుగా తగిలించెడివారు. మందు పోసినప్పుడు గురుతున్నవి మిగులును, తక్కినవి చచ్చును. ఇప్పుడు ఆ పనిని కాస్9 చేయుచున్నది. మార్పు పొందని కణముల నన్నిటిని అది నఱకి చంపగా మిగిలినవి దిద్దినవి. 2013లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున మరాఫినీగారి బృందమువారు న్యుమోనియా బాక్టీరియాలోను, కోలైలోను ఇట్లు చేసి చూపిరి. కలుపుతీతవంటి పని. దీనివలన గురుతుజన్యువు బాక్టీరియాలో మిగులవలసిన యవసరము తప్పినది. సాంకేతికవిషయమని పాఠకులు దీనిని దాటిపోగూడదు. పొలమునకు వచ్చు బాక్టీరియాలో మందును తట్టుకొను జన్యువు మిగిలియున్నదా యనునది అమ్మవచ్చినవానిని మనము మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న. ‘ఉన్నది, వేఱు దారి లేదు’ అని చెప్పుట కిప్పుడు వానికి వీలులేదు.

బాక్టీరియాలచేత మనుష్యుడు పనిచేయించుకొనుట క్రొత్తగాదు. 1973లో కోహెన్, బోయర్‌లు కోలైలో పరాయి జన్యువును నిలిపిరి. 1978లో అదే బాక్టీరియాచే మనుష్యుల ఇన్సులిన్‌ను తయారుచేయించిరి. 1982లో అది మందుల యంగడికి వచ్చెను. అంతకుముందు మధుమేహరోగికి దిక్కు పందుల, పశువుల క్లోమములనుండి తీసిన ఇన్సులినే. పాశ్చాత్యులు జున్ను పేరబెట్టుటకు లేగదూడల కడుపునుండి తీయుచు వచ్చిన పదార్థమును 1990లో కోలైచేత చేయించి అంగడికి దెచ్చిరి. ఈ రెండును మన దేశమున ఎన్నో మనస్సులకు ఊఱట నీయదగిన సంగతులు. వీనియందు బాక్టీరియా ఉక్కుతొట్టి దాటి బయటికి రాదు. పని ముగియగనే చంపబడును. అట్టివానికి పరిశీలన వలదని మే మనము గాని, భయపడవలసినది అల్పము.

తొట్టి దాటి వచ్చుదాని సంగతి వేఱు. 1987 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో ఒక స్ట్రాబెర్రీ మడిమీదను, పిదప ఒక బంగాళాదుంపచేనుమీదను చల్లిన సూడోమొనాస్ బాక్టీరియాయే ప్రభుత్వానుమతితో పొలమున కెక్కిన మొదటి జన్యుమార్పిడి బాక్టీరియా. ఆకులపై మంచు గడ్డకట్టుటకు తోడ్పడు జన్యువు నొకదానిని మాత్రమే దానినుండి తొలగించిరి. క్రొత్తగా చేర్చినది లేదు. అయినను నాలుగేండ్లు కోర్టులలో తగవు నడచెను. చల్లువారు నిలువెల్ల కవచము తొడిగికొని చల్లిరి. ఇష్టములేనివారు రాత్రివేళ మొక్కలను పెఱికిరి. ఆ సరకు విపణికి రానేలేదు. కవచము చూచి జనులు భయపడిరా, భయపడుదురని కవచము తొడిగిరా యను విచారణ యటుండనిండు. ప్రజలకు ముందు తెలుపక, వారి నమ్మకమును సంపాదింపక చేసిన పని యెట్లు ముగియునో ఇది చూపుచున్నది.

ఇప్పటి సరకునకు వత్తము. కంది, పెసర, వేరుశనగ వేళ్లలో బుడిపెలు కట్టి అందు గాలిలోని నత్రజనిని పైరునకు ఎఱువుగా మార్చియిచ్చు బాక్టీరియాలు మన రైతు కెఱుకయే. జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి దమ్ములో త్రొక్కించు రైతు ఆ బాక్టీరియాల పేరెఱుగకపోయినను వాని ఫలము నెఱుగును. వరికి, మొక్కజొన్నకు ఈ బుడిపెలు లేవు. వాని వేళ్లచెంత నత్రజనిని పట్టగల బాక్టీరియాలు కొన్ని యున్నను, అవి పొదుపరులు. నత్రజని అణువు నొక్కదానిని విడదీయుటకు పదునాఱు ఎ.టి.పి. అణువుల శక్తి వ్యయమగును. కావున నేలలో యూరియా కనబడగనే అవి తమ పనిని కట్టిపెట్టును. నిఫ్-ఎల్ అను జన్యువు చేతిలో ఈ తాళము కలదు. అమెరికాలోని పివట్ బయో కంపెనీవారు మొక్కజొన్న వేళ్లనుండి తీసిన బాక్టీరియాలో ఆ తాళమును చెఱచి, యూరియా యున్నను అది పనిమానకుండునట్లు చేసిరి. పరాయి జన్యువు చేర్చలేదు. దానిలోనిదానినే తీసి, జరిపి సరిచేసిరి. ఎకరమున నలువది పౌనుల నత్రజని ఎఱువును దీనివలన తగ్గించుకొనవచ్చునని వారి మాట. అది 45 కిలోల యూరియాబస్తాలో నుండు నత్రజనికంటె కొంచెము తక్కువ.

ఈ మాట నిజమైనచో మన దేశమునకు లాభ మెంతయో చెప్పనక్కఱలేదు. బస్తా యూరియా రైతునకు మూడువందల రూపాయలలోపున దొరకుచున్నదన్నచో, మిగిలిన వెల ఖజానా భరించుచున్నదని యర్థము. 2022-23 సంవత్సరమున ఎఱువుల రాయితీ రెండున్నర లక్షల కోట్ల రూపాయల వఱకు పోయినది. యూరియా చేయుటకు గావలసిన సహజవాయువులో పెద్దభాగము విదేశముల నుండి ఓడలపై రావలయును. ఎక్కడో యుద్ధము వచ్చిన మన గోదావరి మండలములో యూరియాకు వరుసలు కట్టవలసివచ్చు స్థితి స్వతంత్రదేశమునకు శోభనీయము గాదు. కావున ఈ శాస్త్రమును దూరముగ నుంచుమని సలహా చెప్పువారిలో మేము లేము.

అయితే ఆ మాట నిజమా? అమెరికాలోనే ఉత్తరమధ్య రాష్ట్రములు పదింటిలో అచ్చటి విశ్వవిద్యాలయముల వ్యవసాయశాస్త్రజ్ఞులు, బుడిపెలు కట్టకయే నత్రజనిని పట్టునని అమ్ముచున్న బాక్టీరియా సరకులను 61 చోట్ల పొలములలో పరీక్షించి 2023లో ఫలితములు ప్రకటించిరి. దిగుబడి పెరిగినట్లు కనబడినది రెండుచోట్ల మాత్రమే. ఆ సరకులలో దిద్దినవియు కలవు, దిద్దనివియు కలవు. కంపెనీవారి సొంతపరీక్షలు వేఱువిధముగ చెప్పుచున్నవి. వారు బొంకుచున్నారని మే మనము. నేల, ఎండ, వాన, వేసిన యూరియా, సరకు నిలువయున్న కాలము ఇవన్నియు బాక్టీరియా బ్రదుకును శాసించును. మన దేశమున 1985 ఎఱువుల నియంత్రణాజ్ఞ క్రిందికి 2006లో జీవన ఎఱువులను దెచ్చి, గ్రామునకు 5 కోట్లకు తక్కువగాని సజీవకణములు రైజోబియం పొట్లములో నుండవలెనని నిర్ణయించిరి. మేనెల యెండలో రేకుకప్పు క్రింద నుంచిన పొట్లములో ఎన్ని బ్రదికియుండునో దుకాణదారు లెక్కపెట్టగలడా? పొట్లములోని పొడి నల్లగనే యుండును. చచ్చినదియు నల్లగనే యుండును. విత్తనము మొలవనిచో వారములో తెలియును. బాక్టీరియా పనిచేయకున్న రైతునకు తెలియు మార్గమే లేదు. పైరు పండిన కంపెనీ గొప్ప, ఎండిన వాన తప్పు. అందుచేతనే ఈ సరకు విషయమున ప్రజాసంస్థల పరీక్ష మిగిలిన అన్నిటికంటె అవసరమని మా యభిప్రాయము.

ఇక ఎవరిది యను ప్రశ్న. ఈ చరిత్రలో మొదటిపేరు మన దేశీయునిదే. బెంగాలులో జన్మించి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన ఆనందమోహన చక్రవర్తిగారు ముడిచమురును తిను గుణములుగల నాలుగు ప్లాస్మిడ్‌లను ఒక్క బాక్టీరియాలో గూర్చి, ఆ జీవిపైననే పేటెంటు కోరిరి. కాదన్న అధికారులపై వ్యాజ్యము అత్యున్నత న్యాయస్థానము వఱకు పోయెను. 1980 జూన్ 16వ తేదీని అయిదుగురు న్యాయమూర్తులు నలుగురికి భిన్నముగా, మనుష్యుడు చేసిన జీవికి పేటెంటు చెల్లునని తీర్పిచ్చిరి. ఆ యొక్క యోటుతో జీవులు సొత్తయ్యెను. భారతీయుని మేధస్సు అమెరికా కంపెనీ గొడుగుక్రింద తలుపు తెఱచినది. ఆ తలుపున మనము లోపలికి బోయితిమా, మన పొలములే లోపలికి బోవునా యనునది ఇంకను తేలలేదు.

ప్రపంచ వాణిజ్యసంస్థ యొప్పందము 27వ అధికరణమును అనుసరించి 2002లో సవరించిన మన పేటెంటుచట్టము మొక్కలకు, జంతువులకు పేటెంటు లేదని చెప్పుచు సూక్ష్మజీవులను ఆ నిషేధమునుండి తప్పించినది. ప్రకృతిలో దొరకినది దొరకినట్లు ఎవరి సొత్తును గాదు. మనుష్యుడు మార్చినచో ఇరువదియేండ్లు సొత్తు. విత్తనము దాచుకొనుటకు, మరల విత్తుటకు, పొరుగువానికి మార్పిడి నిచ్చుటకు 2001 చట్టము మన రైతునకు హక్కు నిచ్చినది. ఆ చట్టముననే వంగడమను మాటకు అర్థము చెప్పుచు సూక్ష్మజీవులను విడిచిపెట్టిరి. అనగా కమల ధాన్యమును గాదెలో దాచుకొన్న రైతును అడుగువాడు లేడు; దాని వేళ్లకు పూసిన బాక్టీరియాను కుండలో పెంచి మరుసటియేడు వాడుకొన్న రైతునకు ఆ రక్షణ లేదు. బాక్టీరియా యట్లు పెంపకమునకు లొంగునది కావుననే కంపెనీలవారు ఈ హక్కును గట్టిగ పట్టుకొందురు. మన శాసనసభ్యులలో ఎందఱి దృష్టికి ఈ సంగతి వచ్చినదో మాకు సందేహమే.

భయమును గూర్చియు ఒకమాట చెప్పవలయును. బాక్టీరియాలు జన్యువులను ఇరుగుపొరుగు జాతులకు చేబదులిచ్చునను మాట నిజము. నిఫ్-ఎల్ చెఱచిన జీవి నేలలో ఏమగునో చూడవలెననుట న్యాయము. కాని బాక్టీరియాలను మార్చుటకు పరిశోధనశాలయే కావలెననుకొనుట పొరపాటు. పటాన్‌చెరు ప్రాంతమున తొంబది మందుల కర్మాగారముల మురుగునీరు చేరు శుద్ధికేంద్రము వదలిన నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ప్రకటించినదేమనగా, లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉండెను. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో నుండుదానికంటె అది హెచ్చు. అట్టి నీటిలో మందునకు లొంగు బాక్టీరియాలు చచ్చి, లొంగనివి పెరుగును. ఆ జన్యువులు ఒకదానినుండి మఱియొకదానికి ప్రాకును. ఏ సంఘమును అనుమతి నీయని, ఎవరును వ్రాసి పెట్టని, ఎవరికిని పేటెంటు లేని దిద్దుబాటు అది. ఒక జన్యువును తెలిసి తీసివేసిన జీవిని చూచి కవచము తొడిగికొనుచు, లక్షలకొలది జీవులను తెలియక మార్చు నీటిని వాగులోనికి విడుచుట వివేకము గాదు. ప్రమాదమును కొలువవలసినది కత్తెరను జూచి గాదు. జీవి ఎచ్చటికి బోవుచున్నది, ఏ గుణమును మోసికొనిపోవుచున్నది యనుదానిని జూచి.

మన శాసనము ఈ తారతమ్యమును ఇంకను చూపుటలేదు. 1989 డిసెంబరునాటి నియమములు ప్రమాదకర సూక్ష్మజీవులను, జన్యుపరముగ మార్చిన జీవులను ఒకే శీర్షిక క్రింద చేర్చినవి. 2022 మార్చి 30వ తేదీని పర్యావరణశాఖవారు, పరాయి డి.ఎన్.ఏ. మిగులని రెండు తరగతుల దిద్దుబాటు మొక్కలను ఆ నియమములలో 7 మొదలు 11 వఱకు గలవానినుండి తప్పించిరి. ఆ మినహాయింపు మొక్కలది. సూక్ష్మజీవులకు సైతము దానినే పొడిగింపుమని వ్యాపారులు నేడో రేపో కోరుదురు. అట్లు యథాతథముగా పొడిగించుట తగదు. తొట్టిలో మందులు, మాంసకృత్తులు చేయు బాక్టీరియాలకు దారి సులభము చేయవచ్చును. మందుల పరిశ్రమగల హైదరాబాదు, విశాఖపట్టణములకు అది మేలు. పొలమునకు వచ్చు బాక్టీరియాకు పరీక్ష తగ్గింపరాదు. ఆ పరీక్ష అమ్మువాని ఖర్చుతో జరుగవచ్చును గాని అమ్మువాని చేతులతో జరుగరాదు.

మనకు సాధనములు లేకపోలేదు. ఉత్తరప్రదేశమున మౌ పట్టణమున వ్యవసాయ సూక్ష్మజీవుల జాతీయ భాండారమున్నది. చండీగఢ్‌లో మఱియొకటి యున్నది. మన వరిమళ్లలో తరతరములుగా బ్రదుకుచున్న బాక్టీరియాలలో నత్రజనిని పట్టునవి యెన్నియో కలవు. మన యెండకు, మన చౌడునకు అలవాటుపడిన జీవి అయోవా మొక్కజొన్నచేనినుండి వచ్చినదానికంటె ఇచ్చట నిలుచునని యాశించుట తప్పుగాదు. వానిని దిద్దుపని రాజేంద్రనగరమువారి శక్తికి మించినది గాదు, వరినే దిద్దినవారు. కేంద్రప్రభుత్వము ధనమిచ్చి, అట్లు దిద్దినవానిని ప్రజల సొత్తుగా భాండారమున నుంచి, జీవన ఎఱువులు చేయు సంస్థలన్నిటికి రుసుము లేక యీయవలయును.

గుంటూరులోని ఆచార్య రంగా వ్యవసాయవిశ్వవిద్యాలయమువారును, రాజేంద్రనగరములోని ఆచార్య జయశంకర్ విశ్వవిద్యాలయమువారును కలిసి డెల్టా వరిమడిలో, గుంటూరు నల్లరేగడిలో, పాలమూరు ఎఱ్ఱచెలకలో, అనంతపురము మెట్టలో రెండు ఖరీఫులు, రెండు రబీలు ఈ సరకులను యూరియా తగ్గించియు తగ్గింపకయు పరీక్షింపవలయును. గెలిచిన మడి లెక్కతోపాటు ఓడిన మడి లెక్కయు తెలుగులో అచ్చువేసి ప్రతి రైతుసేవాకేంద్రమునకు పంపవలయును. ఆ లెక్కలు చేతికి వచ్చువఱకు ఏ రాష్ట్రప్రభుత్వమును ఇట్టి పొట్లములను రాయితీపై పంచుటకు పూనుకొనరాదని మేము కోరుచున్నాము.